చెప్పేసిన కథ

నిన్న ఉదయం మెంతికూర తుంచుకుంటూ కూర్చున్నానో లేదో, మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. వాడు సినిమాల్లో సహాయ దర్శకుడు, కృష్ణానగర్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటాడు, పెద్దమ్మ గుర్తొచ్చిందంటే ఏదో అవసరం పడిందనే అర్థం. "పెద్దమ్మా, మీ సార్ రాయకుండ వదిలేసిన లాంచీ కథ నీకొక్కదానికే తెలుసంట గదా, జర ఫోన్ల చెప్పరాదు, రేపు ప్రొడ్యూసర్‌కు వినిపిస్త" అన్నాడు. పొయ్యి మీద ఏదో మాడుతోందని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచీ సాయంత్రం దాకా కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను, కూర తుంచడం పూర్తి కాలేదు, టీ చల్లారిపోయింది, కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎందుకు లేచానో తెలియలేదు.

వారపత్రికలో సీరియల్ వచ్చే రోజున ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న దాని మీద అలకలు, వంతులు చూసిన నా ఈడువాళ్ళకు సార్ లాంటి రచయిత అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మాది రహమత్ నగర్, నాకు ఎర్రగడ్డ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, రాసిన కథలేమో పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే గోదావరి జిల్లా అక్కయ్య సార్‌కు దూరపు చుట్టం. నా మొహం చూడలేక ఒక ఆదివారం ఆమే నన్ను ఫిల్మ్‌నగర్‌లోని సార్ ఇంటికి తీసుకెళ్ళింది.

అప్పుడు ఫిల్మ్‌నగర్ అంటే సగం ఇళ్ళు, సగం బండరాళ్ళు. కృష్ణానగర్ సందుల్లోంచి బయటపడి, ఎత్తు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది, ఆ ఆయాసంలోనే సోఫా అంచు మీద కూర్చుని, నేను రాయబోయే కథ గడగడా చెప్పడం మొదలుపెట్టాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనేది కాదు. సార్ చెయ్యెత్తి ఆపారు.

"చెప్పకమ్మా. రాసి పట్టుకురా. చెప్పేస్తే ఆకలి తీరిపోతుంది, ఇక వండబుద్ధి కాదు."

నాకు చిన్నతనం అనిపించి ముఖం ముడుచుకున్నాను గానీ, మరుసటి ఆదివారానికి రాసి తీసుకెళ్ళాను. ఆయన చదివే పద్ధతి చిత్రంగా ఉండేది. ఒక్క అక్షరం దిద్దేవారు కాదు, పెన్సిల్‌తో అక్కడక్కడా ఒక చుక్క పెట్టి ఇచ్చేసేవారు. "ఇక్కడ నాకు దాహం వేసిందమ్మా, లేచి మంచినీళ్ళు తాగొచ్చాను" అనేవారు, అంతే. ఎందుకు వేసిందో నేనే కనుక్కోవాలి. ఆ చుక్కల్ని చూసి ఎన్నోసార్లు ఉడుక్కున్నాను, బస్సులో ఏడ్చాను కూడా. చివరికి అర్థమైందేమిటంటే, నా పాత్ర మీద నేనే జాలి పడిపోయి కళ్ళు తుడుచుకున్న ప్రతిచోటా చుక్క పడుతోంది! కథ రాయడం గురించి నాకు తెలిసిందంతా ఆ చుక్కల దగ్గర నేర్చుకున్నదే.

ఇలా నాకు చెప్పొద్దనే సార్, మధ్యాహ్నమైతే జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసుకు కథ చెప్పడానికే వెళ్ళేవారు. నవలలు పేరు తెచ్చాయి గానీ ఇల్లు గడవాలి కదా! సినిమావాళ్ళకు చదివే అలవాటు లేదు, వినడమే. సిట్టింగ్ అని కూర్చుంటారు, మిరపకాయ బజ్జీలు, టీలు, సిగరెట్లు. గదిలో ఉన్న నిర్మాత బావమరిది దగ్గర్నుంచి కారు డ్రైవరు దాకా తలా ఒక మాట వేస్తారు, ఆ మాట మర్నాటికల్లా కథలోకి వచ్చి కూర్చుంటుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కథ తేలకముందే పాటలు ఎన్నుండాలో తేలిపోతుంది.

ఒక ఆదివారం సార్ మహా హుషారుగా ఉన్నారు. కొత్త నవల తట్టిందట. పట్టలేని సంతోషంలో తన కట్టుబాటు తానే తప్పి, నాకూ, వాళ్ళావిడ అమ్మగారికీ మొత్తం చెప్పేశారు. గోదావరి మీద లాంచీలో వంట చేసే ఒంటరి మనిషి ఒకామె, లాంచీ ఆగిన ప్రతి రేవులోనూ తన పేరు వేరేగా చెప్పుకుంటుంది, ఎక్కడా ఎవరూ ఆమెను అసలు పేరుతో పిలవరు. అమ్మగారు చేతిలో తమలపాకు అలాగే పట్టుకుని విన్నారు.

ఆ వారమే నిర్మాతకు అత్యవసరంగా కథ కావలసి వచ్చింది, సార్ అదే చెప్పేశారు. ఇక చూడండి. వంటమనిషికి వయసు తగ్గింది, తర్వాత ఒక తమ్ముడు పుట్టాడు, ఆ తమ్ముడు పోలీసయ్యాడు, లాంచీ ఖర్చెక్కువని రైలయింది. నెలల తరబడి చెప్పి చెప్పి, చివరికి ఆ సినిమా తియ్యనే లేదు. పోనీ నవలైనా రాసుకుందామని సార్ కూర్చుంటే కలం కదల్లేదు. వెళ్ళినప్పుడల్లా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ కనిపించేవారు. అంతటి మనిషిని అలా చూడటం నా వల్ల అయ్యేది కాదు.

ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, "నీకు మొదట ఏం చెప్పానో అది నాకు చెప్పమ్మా, నా దగ్గర్నుంచి పోయింది" అని అడిగారు. చెప్పాను. రేవు తర్వాత రేవు, ఆయన నోటి నుంచి విన్నది విన్నట్టు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"బాగుంది. నువ్వే రాయి."

"గట్లెట్ల సార్, అది మీ కథ గదా!"

"నేను చెప్పేసిన కథమ్మా. ఇప్పుడు నీ దగ్గరే బతికుంది. ఎవరికీ చెప్పకు, రాయి."

నాకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, మీరే రాస్తారు అని మొండిగా వాదించి వచ్చేశాను. ఆయన రాయలేదు. కొన్నేళ్ళకు పోయారు, ఆ తర్వాత అమ్మగారూ పోయారు. నాకు మాత్రం ఆయన కథ ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఏవేవో కథలు రాశాను, అచ్చయ్యాయి, నలుగురూ మెచ్చుకున్నారు, అయినా గోదావరి పేరు ఎక్కడ విన్నా లోపల ఒకటే గుబులు. రాయకపోతే నాతోనే పోతుందే అని.

నిన్న సాయంత్రం మావాడు మళ్ళీ చేశాడు. "ఒక్క లైన్ చెప్పు చాలు, మిగతాది మేం చూసుకుంటం" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టను, వాడికీ కిరాయి కట్టాలి, వాడికీ కలలున్నాయి. కానీ "చెప్పను బిడ్డా, రాస్తున్న" అనేశాను. అన్నాక కదా తెలిసింది, నిజంగానే రాయక తప్పదని! కూర పక్కకు నెట్టి కూర్చున్నాను. ఈ ఉదయానికి లాంచీ మొదటి రేవు దాటింది, ఆమె మొదటి అబద్ధపు పేరు చెప్పింది.

రాసింది చేతిలో పట్టుకోగానే కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళాయి, ఆదివారం కాకపోయినా. ఆ రోజుల్లో సార్ ఇంటికి సరైన దారి ఉండేది కాదు, బస్సు దిగి రాళ్ళ మధ్య రొప్పుకుంటూ ఎక్కేదాన్ని. ఇప్పుడు ఫోన్ నొక్కితే ఆటో గుమ్మం ముందుకే వస్తుంది, ఎత్తంతా సాఫైన రోడ్డు. వెళ్ళి ఎవరికి చూపించను?