మైనస్ తూకం

మొన్న వికారాబాద్ స్టేషన్ రోడ్డులో నా పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ దాటి ఒక్కసారిగా సున్నాలకు పడింది. లక్ష కిలోమీటర్లూ నేనే నడిపానని పంక్చర్ దుకాణం దగ్గర గొప్పలు పోయాను గానీ, అందులో సగం నాకు అమ్మినాయన నడిపినవే. ఆ సున్నాలు చూశాక ఎనభైల చివర్లో తాండూరులో నేను చేసిన పనొకటి గుర్తొచ్చింది.

అప్పట్లో ఒక నాపరాళ్ల కార్ఖానాలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఆ ఊళ్లో ప్రోగ్రాంలు రాసే సి భాష వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని చెప్పుకునేవాణ్ణి. నేర్చుకున్నది హైదరాబాదులో మూడు నెలలు, అందులో ఒక నెల జ్వరం. రాతిపొడి పడకుండా కిటికీలు మూసుకుని, రోజంతా నోరు విప్పే పనిలేకుండా గడిపే నన్ను పలకరించే మనిషి లోడింగ్ మేస్త్రీ ఒక్కడే. చాచా అని పిలిచేవాణ్ణి. తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టేవాడు.

రైలుపెట్టెకు ఎక్కించే రాళ్ల తూకాలు కాటా దగ్గర చాచా చెబితే, వాటిని అర్రే అనే వరుస గళ్లలో పెట్టి కిలోల్లో కూడే ప్రోగ్రాం నాది. చిన్న లోడ్లకు బాగానే నడిచింది. ఒకరోజు నిండు పెట్టెకు మొత్తం మైనస్‌లో వచ్చింది. చాచా పగలబడి నవ్వాడు.

“ఏంది సాబ్, నీ మిషన్ రాళ్లను గాలిలకు లేపిందా? గా పెట్టె కింది కమాన్లు సూడు జర, ఎంత కుంగినయో! నేనైతే ఒక్కో రాయి ఎక్కించే ముందే ఇంకా జాగ ఉన్నదా అని సూస్త.”

యజమాని వచ్చి అడిగేసరికి, తూకాలు తప్పు చెప్పి ఉంటారని నా నోటితో నేనే అన్నాను. మధ్యాహ్నానికి చాచాను పనిలోంచి తీసేశారు.

సాయంత్రం చూస్తే తప్పు నాదే. మొత్తాన్ని ‘ఇంట్’ అనే చిన్న గడిలో దాచాను. ఆ మిషన్లో అది ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఏడు దాటితే పట్టదు, మైనస్‌లోకి తిరిగిపోతుంది. దాన్ని ‘లాంగ్’ అనే పెద్ద గడిగా మార్చి, ఒక్కో తూకం కలిపే ముందే, పట్టగలిగినదాంట్లోంచి అప్పటిదాకా వచ్చిన మొత్తం తీసేసి, మిగిలిన చోటు చాలుతుందా అని చూసే వరుస ఒకటి చేర్చాను. కలిపాక చూసి లాభం లేదు, అప్పటికే లెక్క చెడిపోయి ఉంటుంది. ఆ ఉపాయం నాదేనని ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. అది చాచాది. యజమానికి మాత్రం ఏమీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందని.

కొన్నాళ్లకు కొడంగల్ బస్సు ఎక్కుతూ చాచా కనిపించాడు. “మిషన్ మంచిగున్నదా సాబ్?” అన్నాడు. బాగుందన్నాను.

ఇప్పటి మిషన్లలో ఎంత పెద్ద అంకెకైనా చోటుంటుందట, సంతోషమే. ఆనాడు ఆ బస్సు కదిలేలోపు నేను చెప్పాల్సినవి రెండే రెండు మాటలు.