మీటరు ఒకటి చెప్పింది, సీటు ఒకటి చెప్పింది

అరవై రెండేళ్లకు కారు కొన్నాను. కొత్తది కాదు, పదకొండేళ్ల పాతది. అయితే ఏం? స్టీరింగు నా చేతిలో ఉంది. అమీర్‌పేట మెట్రో స్తంభాల పక్క నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా మొదటిసారి నడిపిన రోజు, మా ఆయన పక్క సీట్లో రెండు చేతులతో తలుపు మీది పైపిడి పట్టుకుని కూర్చున్నాడు. "జర మెల్లగ," అంటాడు. స్పీడు ముల్లు ఇరవై మీద ఉంది. ఆటోలు దాటిపోతున్నాయి, ఒక సైకిలు కూడా దాటిపోయింది. నాకు మాత్రం గుండె గంతులేస్తోంది.

మేము దర్జీలం. సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై ఐదేళ్లుగా అమీర్‌పేట గల్లీలో బట్టలు కుడుతున్నాం. నేను బడి మొహం చూడలేదు. నలభై ఎనిమిదో ఏట, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఒక చర్చి టీచరమ్మ నా టేపు మీది అంకెలతో మొదలుపెట్టి నాకు చదువు చెప్పింది. ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు. బస్సు బోర్డులు, మందు సీసాలు, బియ్యం సంచులు, కనబడ్డదల్లా చదివాను. లైసెన్సు పరీక్ష తెలుగులోనే రాసి పాసయ్యాను. కానీ ముసలితనంలో చదువు వచ్చినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. రాసి ఉన్నదల్లా నిజమే అనుకుంటాం. అంత కష్టపడి చదివింది అబద్ధమంటే మనసు ఒప్పుకోదు.

కారు మీటరు మీద నలభై ఒక్క వేల కిలోమీటర్లని ఉంది. నేనే చదివాను. నమ్మాను.

కారు కొన్న పది రోజులకే తమ్ముడి కొడుకు పెళ్లి వచ్చింది. ఆదివారం, సిరిసిల్లలో. నా కారు నేనే నడుపుకుంటూ వస్తానని ఫోనులో చెప్పేశాను.

"డ్రైవర్ని వెట్కోరాదక్కా," అన్నాడు తమ్ముడు.

"నేనే డ్రైవర్ని. గేటు కాడ జాగ ఉంచు."

"ఉంచుత తియ్. ఊరందరికి చెప్త, అక్క కారు తోలుకుంట వస్తుందని. మల్ల మాట తప్పకు."

చెప్పాడు కూడా. శుక్రవారం దాకా సిరిసిల్ల నుంచి ఫోన్లే ఫోన్లు. వదినలు, మరదళ్లు, చిన్నప్పుడు నాతో నూలు కండెలు చుట్టిన వాళ్లు, అందరూ కారు రంగు అడిగేవాళ్లే.

ఆ శుక్రవారం పొద్దున్నే, మూడు గంటల దారి కదా, ఒకసారి చూపిద్దామని సనత్‌నగర్‌లో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. నెరిసిన గడ్డం, నూనె చేతులు, మెత్తని మాట. బానెట్ ఎత్తి లోపలికి చూసి అడిగాడు.

"టైమింగ్ బెల్ట్ ఎన్నడు మార్చిన్రమ్మా?"

"అదేంది?"

ఇంజను పక్కనున్న నల్ల మూతను వేలితో తట్టాడు. "దీని లోపట రంపం లెక్క పండ్లున్న పట్టా ఒకటి ఉంటది. కింద పిస్టన్లు, పైన వాల్వులు. రెండు ఒక తాళంల నడవాలె. ఆ తాళం పట్టేది గిదే."

నాకు వెంటనే అర్థమైంది. మా కుట్టుమిషన్లో సూది కిందికి దిగే వేళకు షటిల్ వచ్చి దారం అందుకోవాలి. ఇసుమంత తేడా వస్తే సూది విరుగుతుంది. "మా మిషన్‌కు గూడ పట్టా ఉన్నది భాయ్. తెగితే కొత్తది వేస్కుంటం, అంతే గదా?" అన్నాను.

"గట్ల గాదమ్మా. మీ మిషన్ పట్టా తెగితే మిషన్ ఆగుతది. దీని పట్టా తెగితే పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతయ్. ఇంజన్ ఖతం. బండి అమ్మినా ఆ రిపేరు పైసలు రావు. తెగేముందు చప్పుడు సుత చెయ్యకపోవచ్చు."

"మరి ఎప్పుడు మార్చాలె?"

"గీ బండికైతే అరవై వేలు తిరిగినంక. లేకుంటే ఐదారేండ్లకు. ఏది ముందొస్తే అది."

కారు అమ్మిన పంజాగుట్ట పెద్దమనిషికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆయన మర్యాదస్తుడు. "బెల్టా? ఏంటండీ అది? నేను మార్చలేదండీ. నాకంటే ముందు వాళ్లు మార్చారేమో తెలీదు. నేను తీసుకున్నప్పుడు మీటరు ఇరవై తొమ్మిది వేలు ఉందండీ. నీడలోనే ఉంచి, ఆదివారం షికార్లకే తీశానండీ," అన్నాడు.

నేను మెకానిక్ వైపు తిరిగి గట్టిగానే వాదించాను. మీటరు నలభై ఒకటి, ఇంకా పంతొమ్మిది వేలు ఉంది కదా అని. ఆయన ఏళ్ల మాట ఎత్తితే, బండి నీడలోనే ఉందట కదా, రబ్బరుకు ఏమవుతుంది అన్నాను. ఆదివారం గేటు దగ్గర ఆగే నా తెల్ల కారే కళ్ల ముందుంది, ఇంకేం కనబడుతుంది?

ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "మీటర్ నమ్మకమ్మా. గది తిప్పినంత అల్కగ ఇంకేది తిప్పరాదు. ఇప్పుడు విప్పితే పట్టా, దాని బేరింగులు తెప్పియ్యాలె, సోమారం దాకా బండి కదలది. విప్పకుండ పోతే, ఏం గాకపోవచ్చు. కాని నాది జిమ్మేదారి గాదు. జర సోచాయించుకో."

కారులోకి వెళ్లి కూర్చున్నాను. కోపం. ఏం చేయాలో తోచక నా చేయి సీటు మీద ఆడుతోంది. పాత కవర్లు ఉతుకుదామని నిన్ననే తీసేశాను, కంపెనీ గుడ్డ బయటపడి ఉంది. కుడివైపు, ఎక్కి దిగేటప్పుడు తొడ రాసుకునే అంచు దగ్గర, నా వేలు ఆగింది.

దారం వేరు.

దిగి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. కంపెనీ కుట్టు నైలాన్ దారం, మెరుస్తుంది, మగ్గం మీది పడుగు దారంలా సూటిగా పోతుంది. ఈ జానెడు మాత్రం మామూలు నూలు దారం. వంకర సూదితో చేతికుట్టు వేశారు. కుట్టు కింద గుడ్డ నూగు అంతా పోయి బోడిగా ఉంది. ఇక్కడ గుడ్డ చిరిగింది, ఎవరో కుట్టించి పైన కవరు తొడిగారు. పక్క సీటు చూశాను. నూగు నూగులాగే ఉంది.

ఆటో డ్రైవర్ల ప్యాంట్లకు అతుకులు వేసీ వేసీ ముప్పై ఐదేళ్లు. మనిషి కూర్చుంటే గుడ్డ ఎంత అరుగుతుందో నాకు ఏ మీటరూ చెప్పక్కర్లేదు. ఆదివారం షికార్లకు తీసిన బండి గుడ్డ కాదు అది. పొద్దస్తమానం ఎక్కి దిగిన బండి. లక్ష దాటే ఉంటుంది. పెడలు రబ్బరు తడిమాను. ఎడమ అంచు నున్నగా, సబ్బు బిళ్లలా అరిగింది.

పద్నాలుగేళ్లుగా కళ్లతో చదువుతున్నాను, చేతులతో పుట్టినప్పటి నుంచీ చదువుతున్నాను. ఇంత సంగతి అంకె చూసి మరిచిపోయాను. సిగ్గు వేసింది. కానీ ఏం చెప్పను, సంతోషం కూడా తన్నుకొచ్చింది. దొంగను పట్టుకున్నాను కదా!

"భాయ్! ఇటు రా, నీకొకటి చూపిస్త!"

ఆయన వంగి కుట్టు చూశాడు, నా మొహం చూశాడు. "వారెవ్వా అమ్మా! నలభై ఏండ్ల సంది బండ్లు చూస్తున్న. బానెట్ లేపుడే గాని సీటు కుట్టు ఎన్నడు చూడలే."

"విప్పు," అన్నాను.

"మరి పెండ్లి?"

"పెండ్లికి బస్సులు లేవా? విప్పు."

మూత తీసి ఆయన ఆ పట్టాను బయటికి లాగాడు. పైకి బాగానే ఉంది. వెనక్కి వంచి పట్టుకున్నాడు. పండ్ల మొదట్లో సన్నటి పగుళ్లు, వరసగా, ఎండకు బీటలువారిన చెరువు మట్టిలా. మూడు గంటల దారి. మా ఆయన పక్కన. వెనక సీటు నిండా పెళ్లి బట్టలు.

"ఇది నాకియ్యి," అన్నాను.

"ఏం చేస్తవమ్మా?"

"పనున్నది."

ఆదివారం పొద్దున మా ఆయనతో బస్సు దిగి, ఆటోలో పెళ్లి పందిరికి వచ్చాను. తమ్ముడు నిజంగానే గేటు పక్కన రెండు కుర్చీలు అడ్డం పెట్టి జాగ ఉంచాడు. నన్ను చూసి, ఆటోను చూసి, పదిమందికి వినబడేలా అందుకున్నాడు.

"కారు యాడున్నదక్కా? బ్యాగుల వెట్కొచ్చినవా?"

"ఆఁ, బ్యాగులనే వెట్కొచ్చిన," అని పట్టా తీసి అతని చేతిలో పెట్టాను.

పందిరంతా నవ్వు. కానీ మా వాళ్లు మరమగ్గాల మనుషులు. పట్టా చేతికి వస్తే ఊరుకుంటారా? తమ్ముడు వెంటనే వెనక్కి వంచాడు. నవ్వు ఆగిపోయింది. "ఓ బావా, గిటు రా!" అని కేకేశాడు. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయింది ఆ పట్టా. ఒకాయన గోటితో గీకాడు, ఒకాయన వాసన చూశాడు, ఇంకొకాయన చెవి దగ్గర పెట్టుకుని వంచి చప్పుడు విన్నాడు. పంతులు పెళ్లికొడుకు మామను పిలుస్తున్నాడు, ఆయన పట్టా వదలడం లేదు.

"నా మగ్గానికైతే గిది ఎన్నడో పారేస్తుంటి," అన్నాడు తమ్ముడు పిలిచిన మా మేనబావ. "దీనితోని వచ్చేటోళ్లా మీరు?"

"అందుకే రాలే," అన్నాను.

తమ్ముడు తల గోక్కున్నాడు. "బస్సులనే మంచిగొచ్చినవక్కా," అని మెల్లగా అని, వెళ్లి ఆ కుర్చీలు తీసేశాడు. అవి తీస్తుంటే మాత్రం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

మంగళవారం కారు తయారైంది. కొత్త పట్టా ఎక్కించాక మూత మీద ఒక కాగితం అతికించడం మెకానిక్ అలవాటు. ఏ తారీకున, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో అందులో రాస్తాడు. తారీకు రాసి, మీటరు చూసి నలభై ఒకటి అని రాయబోతుంటే పెన్ను లాక్కున్నాను. నా తర్వాత ఎవరో ఒకరు ఈ బండి కొంటారు. ఈ కాగితం చదువుతారు. నాలాగే నమ్ముతారు.

తారీకు కింద పెద్ద అక్షరాలతో రాశాను: "మీటరు నలభై ఒక్క వేలంటుంది. నమ్మకండి. తారీకు నుంచి ఏళ్లు లెక్కపెట్టుకోండి. అనుమానముంటే డ్రైవరు సీటు కుట్టు చూడండి."

పెళ్లి పదహారు రోజుల పండుగకు నేనే నడుపుకుంటూ సిరిసిల్ల వెళ్లాను. దారిలో మా ఆయన ఒక్కసారి కూడా పైపిడి పట్టుకోలేదు, నిద్రపోయాడు. తమ్ముడు మళ్లీ గేటు దగ్గర జాగ ఉంచి, చేతులూపుతూ నిలబడ్డాడు. నేను అక్కడ ఆపలేదు. హారన్ కొట్టుకుంటూ ముందు ఊరంతా ఒక చుట్టు తిప్పాను.