కరెంటు లేనప్పుడు వినిపించిన గరగర

దయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. ఇది చదివాక మీరేమనుకున్నా సరే, ఇప్పటికీ నమ్మను.

దంతాలపల్లిలో పంతులుగా పనిచేస్తున్నాను. హామ్ రేడియో నా పిచ్చి. లైసెన్సు తీసుకుని, డాబా మీద తీగ కట్టి, ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడుతుంటాను. ఈ పిచ్చికి శత్రువు కరెంటే. ఎల్ఈడీ బల్బు, చార్జరు, మోటారు, ఏది నడిచినా రేడియోలో గరగరమంటుంది. అందుకే కరెంటు పోయిందని వాడంతా తిట్టుకుంటుంటే, నేను సంబరంగా బ్యాటరీ మీద రేడియో పెడతాను. అప్పుడు చెవికి ఎంత హాయో!

పోయిన వానాకాలం, రాత్రంతా గాలివాన కొట్టిన మర్నాడు పొద్దున కరెంటు పోయింది. రేడియో పెడితే గరగర ఆగలేదు సరికదా, ఇంకా పెరిగింది. మా వాడలో ఇన్వర్టర్ ఉన్నది మా ఇంట్లోనే. దాన్నీ ఆపేశాను. అయినా అదే మోత. ఒళ్లు మండిపోయింది. చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని, చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచాను. పక్కింటి కమలక్క వాకిట్లో, బట్టలారేసే ఇనుప దండెం దగ్గర అది చెవులు చిల్లులు పడేలా మోగింది.

అప్పుడే కమలక్క తడి బట్టల బకెట్‌తో బయటికొచ్చింది.

"ఏంది తమ్మీ, మా దండెం పాటలు పాడుతున్నదా?"

"అక్కా, జర ఆగు. దాన్ని ముట్టకు."

"కరెంటే లేదు గదా, గిదేం జేస్తది?"

నేను దండేనికి అడ్డం నిలబడ్డాను. ఆమె విసుక్కుంటూ బకెట్ కింద పెట్టింది. అంతలో కరెంటొచ్చి వాళ్లింట్లో ఫ్యాను తిరిగింది. మా ఇంట్లోకి ఉరికి టెస్టర్ తెచ్చి దండెం మీద పెడితే ఎర్రగా వెలిగింది. చూరు కింద సర్వీసు వైరు దండెం తీగకు ఒరుసుకుని, పైతొడుగు ఊడిపోయి ఉంది.

కమలక్క అక్కడే కూలబడింది. నేనూ పక్కనే కూర్చున్నాను. కాసేపటికి గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయినట్టయింది. ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం.

లైన్‌మన్‌ను అడిగితే, ఆ సేపంతా ట్రాన్స్‌ఫార్మరే బందు పెట్టానన్నాడు. కరెంటు లేని తీగ చప్పుడు చేయదు. మరి నేను విన్నదేమిటి? ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆ వైరు మార్చాక ఆ మోత మళ్లీ రాలేదు.

కమలక్క ఇప్పుడు ప్లాస్టిక్ తాడు కట్టుకుంది. అయినా కరెంటు పోతే చాలు, బకెట్‌తో గోడ అవతల నిలబడుతుంది.

"తమ్మీ, ఏమన్న ఇనొస్తున్నదా?"

నేను రేడియో పెట్టి, కాసేపు చెవి ఒగ్గి వింటాను.

"ఏం లేదక్కా. ఆరేసుకో."