నాగజెముడు మంట దగ్గర

నా చిన్నప్పుడు, తెల్లదొరలు ఇంకా ఉన్న రోజుల్లో, మా కోడుమూరు వైపు వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. ఊరికి దక్షిణాన మా పాలెం, పాలెం చివర సున్నం కొట్టిన మా చర్చి. మాకు కాస్త మెట్ట చేను, ఒక ఆవు ఉండేవి. అమ్మకు పాలు పడక మా తమ్ముడు ఆ ఆవు పాలతోనే బతుకుతున్నాడు. అందుకే ఆ యేడు మా ఇంట్లో ముందు ఆవు కడుపు చూసి, తర్వాతే మా కడుపులు చూసుకునేవాళ్ళం.

జొన్నచొప్ప అయిపోయాక పశువులకు మిగిలింది గుట్ట మీది నాగజెముడే. మట్టలు కోసి, కంప మంట మీద ముళ్ళు మాడ్చి, ముక్కలు కొట్టి వేస్తే అవి తినేవి. కంపకు కూడా కరువే కాబట్టి ఊరివాళ్ళూ పాలెంవాళ్ళూ ఒకే మంట చుట్టూ చేరేవాళ్ళు. మామూలు రోజుల్లో మేం ఎదురొస్తే పక్కకు జరిగే మనుషులు ఆ పొగలో మా పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అది చూసి నాకు కరువు మీద కొంచెం ఇష్టం కూడా పుట్టింది. పిల్లల బుద్ధి అంతే మరి.

అక్కడే ఊరి పెద్దరైతు ఒకాయన నాకు చేరువయ్యాడు. తాతా అని పిలిస్తే పలికేవాడు. మట్టను మంట మీద ఎలా తిప్పాలో ఆయనే నేర్పాడు. "సన్న ముల్లు కండ్లకు కనపడదు పాపా. అది మిగిలిందంటే గొడ్డు నోరు పుండయితాది" అనేవాడు. ఒకసారి నా వేలిలో ముల్లు దిగితే తీయబోయాడు. నన్ను ముట్టుకుంటే ఆయనకు మైల అవుతుందని నేనే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "మంట కాడ అవన్నీ యాడివి, ఇట్ల తే" అని చెయ్యి పట్టుకుని తీశాడు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు శానా నమ్మకం.

ఎండలు ముదిరాయి, గుట్ట బోడి అవుతోంది. ఆయన కాడెద్దుల్లో ఒకటి పేడ నీళ్ళలా పారుకుని పారుకుని చచ్చిపోయింది. ఆ సాయంత్రం ఆయనే మా నాయనతో చెప్పుకున్నాడు. "సొప్ప కలపకుండా వట్టి మట్టలే ఏసినానప్పా. కడుపు జారిపాయ. తప్పు నాదే" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

మరునాడు మేం గంప పట్టుకుని వెళ్ళేసరికి దారిలో ఊరివాళ్ళు కర్రలతో నిలబడి ఉన్నారు. పాలెంవాళ్ళ చేతులు తగిలిన మంటలో కాల్చిన మేత తినే ఎద్దు చచ్చిందట. ఇక మేం గుట్ట ఎక్కకూడదట. నాయన కంగారు పడలేదు. గుంపులో ఉన్న తాతను చూపించి, "ఎద్దు ఎట్ల సచ్చిందో ఆ పెద్దాయన్నే అడగండి" అన్నాడు.

ఆయన మా వైపు చూడలేదు. "వీళ్ళతో కలిసి కాల్చినప్పట్నుంచే నా ఎద్దుకు బాగలేదప్పా" అన్నాడు.

ఆయనకు ఇంకో ఎద్దు మిగిలి ఉందని, మేం తప్పుకుంటే దానికి మేత సరిపోతుందని తర్వాత అర్థమైంది. ఆ పూట మాత్రం ఆయన మీద మనసు విరిగిపోయింది. అబద్ధం చెప్పినందుకు కూడా కాదు. నా చెయ్యి పట్టుకున్న మనిషి, మా చేతులనే తప్పు పట్టాడని. ఇంటికి వచ్చాక నాయన ఊరివాళ్ళ బుద్ధే అంత అని చాలాసేపు తిట్టాడు. నాకు అది చల్లగా అనిపించింది.

ఇక మాకు మిగిలింది చర్చి వెనకాల ఉన్న నాగజెముడు పొద ఒక్కటే. దానితోనే ఆవును నెట్టుకొస్తున్నాం. కొన్నాళ్ళకు పత్తికొండ వైపు నుంచి ఆలుమగలు నాలుగు గొర్రెలు తోలుకుంటూ వచ్చి, కాసిన్ని మట్టలు కోసుకుంటామని అడిగారు. ఆదివారం అందరిచేతా ప్రార్థన చేయించే మా నాయన పొదకు అడ్డంగా నిలబడ్డాడు. "మీ గొర్రెలోళ్ళు యాడికి పోతే ఆడికి జబ్బు తెస్తారు. ఈడ నిలబడొద్దు, పోండి" అన్నాడు. ఆ గొర్రెలకు ఏ జబ్బూ లేదు, ఆకలి తప్ప. అది నాకే తెలిసినప్పుడు నాయనకు తెలియదా? ఆమె నడవలేని ఒక గొర్రెను చంకకెత్తుకుని వెళ్ళిపోయింది. నాయన ఆ సాయంత్రమంతా నా ముఖం చూడలేదు.

వానలు పడ్డాక తాత దారిలో కనిపించి, ఏమీ జరగనట్టు "ఏం పాపా, బాగుండావా" అని పలకరించాడు. నేను తల తిప్పుకుని నడిచిపోయాను. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, నా కోపం మాత్రం పోలేదు.

మా ఆవు బతికింది. తమ్ముడు పెరిగి పెద్దవాడై మనవళ్ళను ఎత్తుకున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాయన ఆ రోజు చేసింది సరే అనిపిస్తుంది. తాత ఎద్దు కోసం చేసిందీ, మా నాయన ఆవు కోసం చేసిందీ ఒకటే అని నాకు బాగా తెలుసు. తెలిసీ ఆయన్ను క్షమించలేదు, నాయన్ను తప్పు పట్టలేదు. ఇంత వయసొచ్చినా నా మనసు ఇద్దరినీ రెండు తక్కెళ్ళలో తూస్తూనే ఉంది.