వంకర చెట్టు కింద పాఠం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. ఇరవై ఏళ్లుగా ఈ పార్కులో ఆకులు ఊడుస్తున్నాను. చిప్స్ కవర్లు పారేసేవాళ్లను ఏడు తరాలు వెనక్కెళ్లి మరీ తిట్టాను. కాలేజీ పిల్లలంటే ఒళ్లుమంట. ఒక్క ఈ పిల్లే వేరు.

ఆమెకు పార్కంటే పిచ్చి. కాలేజీ గోడ పక్కనే కదా, పొద్దున గేటు తీయగానే వచ్చి వాలేది. హాస్టల్ గదిలో నలుగురట, నాలుగు ఫోన్లూ మోగుతూనే ఉంటాయట. ఇక్కడైతే వంకర చెట్టు కింద బెంచీ తనదే. చదివేదీ చెట్ల చదువే. రాలిన ఆకు చూసి ఏ చెట్టుదో చెప్పేస్తుంది. చెప్పడమంటే, రాసి చూపిస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే చాలు, గొంతులో వెలక్కాయ పడ్డట్టు మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోతుంది.

పోయినసారి వైవాలో, అంటే నోటితో చెప్పే పరీక్షలో, పది నిమిషాలు నిలబడి ఒక్క ముక్క చెప్పకుండా బయటికొచ్చింది. ఈసారీ అంతే అయితే చదువు మాన్పించి తన జిరాక్స్ షాపులో కూర్చోబెడతానన్నాడట వాళ్లన్నయ్య. అది కూడా కాగితం మీదే రాసిచ్చింది. కూడబలుక్కుని చదివాను.

ఒకరోజు నేను బెంచీ వెనక ఊడుస్తుంటే, తను పైకి చదువుకుంటోంది. సర్రు, సర్రుమని నా చీపురు. తన మాటలో ఒక్క తడబాటు లేదు! ఆశ్చర్యపోయి ఆగాను. మాటా ఆగింది.

"ఆ... ఆ... ఆపకు పిన్నీ!"

"ఏంటే, నామీదే పెత్తనమా?" అన్నానే గానీ మళ్లీ ఊడ్చాను. చీపురు వేటుకో మాట చొప్పున వరసగా వచ్చేశాయి.

ఆ నెలంతా ఊడ్చిన చోటే ఊడ్చాను. "అక్కడ ఆకుల్లేవు కదమ్మా, ఏం ఊడుస్తున్నావ్?" అన్నాడు సూపర్‌వైజర్.

"రాలబోయేవి!" అన్నాను.

పరీక్షరోజు చీపురు భుజానేసుకుని కాలేజీకి వెళ్లాను. వాచ్‌మన్ ఆపలేదు. చీపురున్న మనిషిని ఎవరాపుతారు? కింది అంతస్తులోనే గది. లోపల ఆ పిల్లను పిలవడం వినగానే కిటికీ కింద మొదలుపెట్టాను. తనూ మొదలుపెట్టింది. రెండు ప్రశ్నలు గడిచాయి.

"ఎవరమ్మా అక్కడ? పరీక్ష జరుగుతోంది, ఆపు!" అని అరిచాడు లోపలి పెద్దాయన.

ఆపాను. లోపల పిల్ల మాటా ఆగింది. అయిపోయింది, నా చేతులతో నేనే పిల్లను ముంచేశాననుకున్నాను. ఎవరూ పిలవకుండా ఎందుకొచ్చానో అని తల బాదుకున్నాను.

అంతలో టక్, టక్ మని చిన్న చప్పుడు. కిటికీలోంచి తొంగిచూస్తే, పిల్ల చెప్పుతో నేలమీద తాళం వేస్తోంది.

"ఈ... ఈ ఆకు మా పార్కులో వంకర చెట్టుది సార్. రోజూ దాని కిందే చదువుకుంటాను." ఆ తర్వాత పుస్తకాల్లో దానికుండే పేరు, పూత, కాయ, అన్నీ చెప్పుకుపోయింది. రెండుచోట్ల మాట తట్టుకుంది. తట్టుకుంటే ఏం, లేచి నడిచింది.

నేను తిరిగొచ్చేసరికి పార్కు నిండా ఆకులే. "ఎక్కడికి పోయావ్?" అని సూపర్‌వైజర్ ఎగిరాడు. గట్టిగా ఓ జవాబు పడేద్దామనుకున్నాను. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోతే, నేనూ చెప్పుతో నేలమీద టక్, టక్ మని తాళం వేశాను.