బటన్ లేని పియానో దాకా

చెన్నైలో పాటల వ్యాపారం నేర్పే కాలేజీ ఉందని విన్నప్పటి నుంచీ నాకు ఒకటే కుతూహలం. రాగాలు నేర్పడంతో సరిపెట్టరట. పాట రికార్డు చేయడం, కచేరీ నడపడం, పాట మీద హక్కు ఎవరిదో తేల్చుకోవడం కూడా చెబుతారట. దరఖాస్తుతో పంపిన నా కీబోర్డు రికార్డింగు నచ్చి పరీక్షకు రమ్మన్నారు. సీటు రాకపోతే పోర్టు దగ్గర ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరతానని నాన్నకు మాట ఇచ్చాను. ఆ పని తలచుకుంటేనే నాకు నీరసం.

పరీక్ష రోజు తెల్లవారుజామున ఐదున్నరకు ముత్తుకూరులో బస్సెక్కాం. నాకు తోడు మేనత్త మరియమ్మ. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడ, కీబోర్డు వాయించేది నేను. బొగ్గు లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. నెల్లూరు స్టేషన్లో ఇడ్లీ తిని, జనరల్ టికెట్లతో రైలెక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. సూళ్లూరుపేట దాటాక అదృష్టం బాగుంటే నీళ్ళలో కొంగలు కనిపిస్తాయి.

గూడూరులో నిమ్మకాయల గోతంతో ఒకావిడ ఎక్కింది.

"యాడికి పోతా ఉండారు?"

"పాటల కాలేజీలో పరీక్షకి," అన్నాను.

"పాటకి గూడా పరీక్ష ఉండాదా? బాగుంటే జనం కూచుంటారు, లేకుంటే లేచిపోతారు. అదే గదా పరీక్ష!"

నవ్వాను గానీ, ఆ మాట చెన్నై దాకా నన్ను వదల్లేదు.

సెంట్రల్‌లో దిగి, సిటీ బస్సులో కాలేజీ చేరేసరికి పన్నెండు. పరీక్ష గది బయట అత్త చర్చిలో మాదిరే చెప్పులు విడిచి నాతో లోపలికొచ్చింది. లోపల కీబోర్డు ఉంటుందనుకుంటే పెద్ద పియానో ఉంది. నేను సిద్ధం చేసుకున్న పాట బాగానే వాయించాను. అంతలో తెలుగు తెలిసిన మేడమ్ ఒకరు, "మీతో వచ్చినావిడ పాడతారా? ఆమెతో కలిసి వాయించండి," అన్నారు.

అత్త కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ఆవిడకే తెలియదు. ఒక ఆదివారం కింది శ్రుతిలో, ఇంకో ఆదివారం పై శ్రుతిలో. నేను కీబోర్డు మీద శ్రుతి మార్చే బటన్ నొక్కేస్తాను. ఒక్కో నొక్కుకు శ్రుతి కొంచెం పైకో కిందికో జరుగుతుంది. అప్పుడు నా వేళ్ళకు అలవాటైన మెట్ల మీదే ఏ పాటైనా పలుకుతుంది. మా వైపు చర్చిల్లో చాలామంది చేసే పనే ఇది. అలవాటుగా నా బొటనవేలు బటన్ కోసం వెళ్ళింది. అక్కడ ఉత్త చెక్క. వేళ్ళు తడబడ్డాయి, స్వరాలు తప్పాయి.

అత్త పాట మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆగింది.

"యాడ పాడాలో చెప్పమ్మా. ఆడే పాడతా."

నాకొచ్చిన శ్రుతి మోగించాను. ఆవిడ అక్కడికి దిగివచ్చి పాడింది. నా కళ్ళు చెమర్చాయి.

ఏం జరిగిందని మేడమ్ అడిగారు. పియానో మీద నెపం వేస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుందని, బటన్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడకు ఆసక్తి పుట్టింది. గొంతులో ఒక స్వరం పట్టి, "దీనికి ఎన్నిసార్లు నొక్కుతారు?" అన్నారు.

"పైకి మూడుసార్లండీ."

ఆవిడ పియానో మీద సరిచూసుకున్నారు. "మీ చెవి లోకమంతా తిరిగింది. వేళ్ళే సొంత ఊరు దాటలేదు. నెల తర్వాత మళ్ళీ రండి. ఎవరు ఎక్కడ పాడినా వాయించగలిగితే సీటు మీదే."

సాయంత్రం రైల్లో పెరుగన్నం తింటూ, "నా కోసం తగ్గి పాడావు గదత్తా," అన్నాను.

"పరీక్ష గాబట్టి తగ్గినా. ఆదివారం నుంచి ఆ బటన్ మీద ప్లాస్టర్ అంటిస్తా. నేను మాత్రం నాకు తోచిన కాడే ఎత్తుకుంటా. ఎట్ట పట్టుకుంటావో నీ ఇష్టం."

"జనం నవ్వితే?"

"నవ్వనీ. లేచిపోరులే. ప్రార్థన అయిందాక యాడికి పోతారు!"

అంత ధైర్యం నాకు ఎవరూ చెప్పలేదు. గూడూరు దాటాక అత్త పాట ఎత్తుకుంది. ఎక్కడ ఎత్తుకుందో చెవికి వెంటనే తెలిసింది. ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా మూత మీద నా వేళ్ళు దారి వెతుక్కుంటూ బయలుదేరాయి. నెల్లూరు వచ్చినా ఆవిడ పాట ఆపలేదు, నేను డబ్బా సంచిలో పెట్టలేదు.