ముప్పై ఆరు కొవ్వొత్తులు

రామచంద్రమూర్తికి ఏదైనా కొలిచి చూస్తేనే నమ్మకం. పర్చూరు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవాడు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. వాన కురిస్తే, బడి ఆవరణలో గరాటు పెట్టి ఉంచిన సీసాలో ఎంత నిండిందో చూశాకే ఆ వాన గురించి మాట్లాడేవాడు. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఆయనా, అక్కయ్యా, అంతే.

అక్కయ్య పేరు జ్ఞానప్రసూనాంబ. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ తరవాత తల్లిదండ్రులు కూడా ఒకరి వెనక ఒకరు పోయారు. అప్పుడు మూర్తికి పదకొండేళ్లు, ఆమెకు ఇరవై. ఒక కుట్టుమిషను పట్టుకుని తమ్ముణ్ణి బీయస్సీ దాకా చదివించింది. ఆయనకు ఉద్యోగం వచ్చాక కూడా మిషను వదలలేదు. మా ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. కొలతలు తీసుకునేది కాదు. మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి గుడ్డ కత్తిరించేది. అది చూసి మూర్తి నవ్వుకునేవాడు. "మా అక్కయ్యకు టేపు అక్కర్లేదండీ. నాకేమో టేపు లేకపోతే తోచదు" అనేవాడు.

ఎనభై నాలుగు కార్తీకంలో ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ప్రసూనక్కయ్య మిషను ఆపి, పైకి చూసి, "ఒరేయ్ రామం, ఈ బల్బు మసగ్గా వెలుగుతోందిరా. మూలలన్నీ నల్లగా ఉంటున్నాయి. మార్చకూడదూ?" అంది.

"మొన్ననే కదే అన్నావు! బల్బు బాగానే ఉంది."

"బాగుంటే నాకెందుకు ఆనట్లేదు?"

నిజానికి ఆ ప్రశ్న దగ్గరే ఆయన ఆగి ఉండాల్సింది. నేనైనా ఆగి ఉండాల్సింది. కానీ మూర్తి ముఖం వెలిగిపోయింది. "ఉండు, లెక్క కట్టే చెబుతాను" అని లేచాడు.

ఒక తెల్ల కాగితం తెచ్చి మధ్యలో ఒక్క నూనె చుక్క వేశాడు. దాన్ని అట్టముక్కకు తగిలించి నిలబెట్టాడు. మిషను దగ్గరి బల్బును తీగతో సహా కిందికి దించి ఒక పక్క పెట్టాడు. రెండో పక్క, కాగితానికి సరిగ్గా అడుగు దూరంలో కొవ్వొత్తి వెలిగించాడు. తక్కిన దీపాలన్నీ ఆర్పేశాడు. కొవ్వొత్తి వైపు నుంచి చూస్తే బల్బు వెలుగుకు నూనె మచ్చ తెల్లగా మెరుస్తోంది. బల్బును కొంచెం కొంచెంగా వెనక్కి జరిపాడు. ఒకచోట మచ్చ కాగితంలో కలిసిపోయి కనబడకుండా పోయింది.

"చూశారా మేష్టారూ! రెండు పక్కలా వెలుగు సమానమైంది. ఇక దూరాలు కొలిస్తే చాలు."

టేపు పెడితే బల్బు ఆరడుగుల దూరంలో ఉంది. వెలుగు దూరానికి వర్గం లెక్కన తగ్గుతుంది కనక ఆరు ఆర్లు ముప్పై ఆరు. అంటే మన బల్బు ముప్పై ఆరు కొవ్వొత్తుల పెట్టు అన్నాడు. తరవాత ఒక నోట్‌బుక్కు తెచ్చి చూపించాడు. జూలైలో పదో తరగతికి పాఠం చెప్పే ముందు అదే బల్బుతో ఇంట్లో చేసిన ప్రయోగం అందులో ఉంది. అప్పుడూ ఆరడుగులే.

"నాలుగు నెలల్లో రవ్వంత కూడా తగ్గలేదే అక్కయ్యా! మోటార్లు ఆడే వేళ కూడా కాదు, ఓల్టేజీ తగ్గిందనడానికి. నీకు ఊరికే అలా అనిపిస్తోంది."

ఆమె ఆ అంకెలకేసి చూసింది. తమ్ముడి చదువంటే ఆమెకు అపారమైన గౌరవం. దాని కోసమే కదా అన్నేళ్లు మిషను తొక్కింది. "అంతేనేమోలే" అని బల్బు మళ్లీ పైన కట్టించుకుని పనిలో పడిపోయింది. ఆ తరవాత వెలుగు మాట ఎత్తలేదు.

ఆ ప్రయోగాన్నే మూర్తి డిసెంబరులో ఒంగోలు సైన్సు ప్రదర్శనకు పట్టుకెళ్లాడు. 'మన ఇంటి దీపం ఎన్ని కొవ్వొత్తులు?' అని అట్ట మీద రంగులతో అక్షరాలు రాసిపెట్టింది నేనే. వచ్చినవాళ్లకు ఆయన కథలాగా చెప్పాడు. "మా అక్కయ్య బల్బు మసకబారిందని ఒకటే గోల. లెక్క కట్టి చూపిస్తే ఇంకేం మాట్లాడుతుంది?" జనం నవ్వారు. నేనూ నవ్వాను. జిల్లాలో రెండో బహుమతి వచ్చింది.

సంక్రాంతి వెళ్లాక కుట్టు తప్పడం మొదలైంది. ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి పడ్డాయి. ఇంకొకదానికి కుట్టు అంచు దాటి పోయింది. "తొందరపడ్డాను, మళ్లీ కుట్టి ఇస్తాను" అని ఊరుకోబెట్టేది. ఇంట్లో గడపలకు మోకాలు కొట్టుకుంటున్నా పైకి అనేది కాదు.

ఫాల్గుణంలో మిరప కోతలు జోరు మీదున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. పక్కింటి జాన్‌బీ వాళ్లు ఇంటి ముందు కళ్లం చేసి కాయలు ఎండబోశారు. ఎర్రగా, రెండు వీధుల అవతలికి కూడా కనబడేటంత కళ్లం. ఏటా ప్రసూనక్కయ్య చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దాని వారనే నడిచి వెళ్లేది. ఆ రోజు పట్టపగలు నేరుగా కాయల్లోకి నడిచి, కాలు జారి పడిపోయింది. జాన్‌బీ పరుగెత్తి వచ్చి లేవదీసింది. కాళ్లూ చేతులూ కడిగి కూర్చోబెట్టింది. మూర్తి బడి నుంచి రాగానే వీధిలోనే నిలేసింది.

"మేష్టారూ, అమ్మగారికి పక్కనున్నది కనబడట్లేదండీ. ఎదురుగా చూస్తాది, పక్కనుంచి నేనొస్తే ఉలిక్కిపడతాది. నాలుగు నెలల్నించి చూస్తన్నా. మీరు సదువుకున్నోరు, నేను చెప్పేదేముందిలే అనుకున్నా. ఇంక ఆగబాకండి. గుంటూరు తీసుకుపొండి."

మర్నాడే తీసుకెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. కళ్ల డాక్టరు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఏ యంత్రం దగ్గరికీ వెళ్లకముందే ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక కన్ను మూసుకోమని, "నా ముక్కు కేసే చూస్తూ ఉండండమ్మా. నా వేలు కనబడగానే చెప్పండి" అన్నాడు. చెయ్యి బాగా పక్కకు చాపి, వేలు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెచ్చాడు. చెవి దాటింది, చెంప దాటింది. ఆమె మాట్లాడలేదు. వేలు దాదాపు ముక్కు ఎదుటికి వచ్చాక, "ఆ, ఇప్పుడు" అంది.

ఆ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నూనె చుక్క కూడా అక్కర్లేదు.

"కంట్లో నీటి ఒత్తిడి పెరిగింది. నరం ఎండిపోతోంది" అన్నాడు డాక్టరు. "ఈ జబ్బులో చూపు అంచుల నుంచి పోతుంది. మొదట్లో వెలుగు చాలట్లేదనీ, మూలలు చీకటిగా ఉన్నాయనీ అంటారు. మీకెన్నాళ్ల నుంచి అలా ఉందమ్మా?"

"ఈ మధ్యనే నాయనా. ఓ పది రోజులు" అంది ప్రసూనక్కయ్య.

మూర్తి అడ్డొచ్చాడు. "కాదండీ. కార్తీకంలోనే చెప్పింది. నేనే వినలేదు."

డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, "అప్పుడే తెచ్చి ఉంటే కుడికన్ను చాలావరకు నిలబడేది. పోయిన చూపు తిరిగిరాదు. ఉన్నది కాపాడుకుందాం" అన్నాడు.

ఆపరేషన్ చేశారు, చుక్కల మందు రాశారు. ఎడమకన్ను పోయింది. కుడికంట్లో గొట్టంలోంచి చూసినట్టు కాస్త మిగిలింది.

బడి ఉండటంతో నేను ముందే ఊరికి వచ్చేశాను. తిరుగు బస్సులో మూర్తి అక్కయ్యను అడిగాడట. "మళ్లీ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు లెక్క కట్టి చెప్పావు కదరా. నాదే భ్రమ అనుకున్నాను."

మిషను అమ్మనివ్వలేదు, తాకనూ లేదు. మరుసటి ఏడు కోతలప్పుడు జాన్‌బీతోపాటు కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది. వేళ్లకు తెలిసిపోయే పని. మేష్టారి అక్కయ్యకు ఇదేమిటని ఊళ్లో ఒకరిద్దరు గొణిగారు. మూర్తి వద్దనలేదు. ఆమెను ఆ కళ్లం దగ్గర దింపి బడికి వచ్చేవాడు. దారిలో ఎప్పుడూ ఆమె ఎడమపక్కనే నడిచేవాడు.

ఎనభై ఎనిమిదిలో ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చాడు. ఆ ఉదయం అక్కయ్యను క్షమాపణ అడిగాడట.

"ఏమందండీ?"

"'తెలిసి చేశావా ఏంట్రా' అంది. తరవాత, 'ఒంగోల్లో నలుగురి ముందూ నా మాట చెప్పి నవ్వించావని విన్నప్పుడు మాత్రం కష్టమేసింది, అప్పటికి దీపం చుట్టూ గుండ్రంగా రంగులు కనబడుతున్నాయి, చెబుదామనుకున్నదాన్ని ఊరుకున్నాను' అంది."

ఒంగోలు నుంచి వచ్చిన సాయంత్రం, మూర్తి బహుమతి పటం పట్టుకుని హెడ్మాస్టరుగారింటికి వెళ్తే, నేను ముందుగా వాళ్లింటికి వెళ్లాను. "మీ తమ్ముడు అందర్నీ ఎలా నవ్వించాడో తెలుసా అక్కయ్యా!" అని మొత్తం అభినయించి చెప్పాను. ఆమె కూడా నవ్వి, నాకు కాఫీ ఇచ్చింది.

"ఎవరు చెప్పారో ఆమెకు" అన్నాడు మూర్తి తనలో తను అనుకున్నట్టుగా.

చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. అక్కయ్యకు చుక్కల మందు వేసే వేళయిందని తొందరగా వెళ్లిపోయాడు.